నలభై గంటల నమ్మకం

పిల్లవాడికి ఆటిజం ఉందని డాక్టరు చెప్పాక మొదటి వారం ఏడుపుల్లో, గూగుల్ వెతుకులాటలో గడిచిపోతుంది. రెండో వారానికి ఇంట్లో మిగిలేది ఒకటే ప్రశ్న: థెరపీ వారానికి ఎన్ని గంటలు పెట్టించాలి? అమీర్‌పేటలో అడిగినా, విజయవాడలో అడిగినా, డాలస్‌లో ఉన్న మేనమామ అక్కడెవరినో కనుక్కుని చెప్పినా జవాబు ఒక అంకెగానే వస్తుంది. ఇరవై అంటారు, ఇరవై అయిదంటారు, నలభై అనేవాళ్లూ ఉన్నారు. గంటకింతని సొంత డబ్బు కట్టుకునే ఇంట్లో ఆ అంకె తల్లి ఉద్యోగాన్ని మింగుతుంది, ఒక్కోసారి ఊళ్లో ఉన్న ఎకరాన్నీ మింగుతుంది. కట్టలేనివాళ్ల బాధ ఇంకో రకం. బిడ్డకు అందాల్సింది అందించలేకపోయామన్న దిగులు ఏళ్ల తరబడి వాళ్లను వదలదు.

ఆ దిగుల్లో చాలా భాగం అనవసరం. చిన్న వయసులో సాయం అందితే ఆటిజం ఉన్న పిల్లలకు మేలు జరుగుతుంది. పేచీ అంతా ఆ మేలు ఎందులో, ఎంత, దేనివల్ల అన్నదగ్గరే. గత పదిహేనేళ్ల పరిశోధనలు ఈ మూడింటికీ చెప్పిన జవాబులకూ, థెరపీ సెంటర్ల బోర్డుల మీద కనిపించే జవాబులకూ చాలా దూరం ఉంది.

నలభై అన్న అంకె 1987 నాటిది. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఐవార్ లోవాస్ అనే మనస్తత్వవేత్త 19 మంది చిన్నపిల్లలకు వారానికి 40 గంటల చొప్పున రెండేళ్లకు పైగా శిక్షణ ఇప్పించాడు. బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ప్రతి నైపుణ్యాన్నీ చిన్న చిన్న ముక్కలు చేసి, ‘ముక్కు చూపించు’ అనడం, చూపిస్తే ఒక చిప్సు ముక్కో మెచ్చుకోలో ఇవ్వడం, మళ్లీ అదే అడగడం. చివరికి 19 మందిలో 9 మంది ఐక్యూ మామూలు స్థాయికి చేరి, మామూలు బడిలో ఒకటో తరగతి గట్టెక్కారని ఆయన ప్రకటించాడు. పోలిక కోసం పెట్టుకున్న 40 మందిలో అలా గట్టెక్కింది ఒక్కరే. అంతకు ముందు ఇరవై ఏళ్లపాటు, తల్లి ప్రేమ చాలకనే పిల్లలు ఇలా అవుతారన్న దుర్మార్గపు సిద్ధాంతం కింద నలిగిన కుటుంబాలకు ఆ ఫలితం ఎంత పెద్ద వార్తో ఊహించవచ్చు. సగం మంది ‘మామూలు’ అయిపోతారట! ఆ మాట అమెరికా కోర్టుల్లోకీ, బీమా కంపెనీల లెక్కల్లోకీ, అక్కణ్ణుంచి మన నగరాల కరపత్రాల్లోకీ వచ్చింది.

లోవాస్ పిల్లలను చీటీలు వేసి రెండు జట్లుగా విడదీయలేదు. ఆ సమయానికి శిక్షకులు దొరికారా లేదా అన్నదాన్ని బట్టి ఎవరు ఏ జట్టో తేలింది. పైగా ఆనాటి పద్ధతిలో గట్టిగా కసిరి తొడమీద చరచడం కూడా శిక్షణలో భాగమే. తర్వాత దాన్ని మానేశారు, కానీ ఆ 9 మంది లెక్కను చెప్పేవాళ్లు ఈ సంగతి చెప్పరు. చీటీలు వేసి చేసిన పరీక్ష 2000లో వచ్చింది. చేసింది ఆయన శిష్యుడు ట్రిస్ట్రమ్ స్మిత్, పిల్లలు 28 మంది. ఐక్యూలో మెరుగు కనబడింది గాని, రోజువారీ పనుల్లోనూ ప్రవర్తనలోనూ చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. 2018లో వైద్య పరీక్షలను జల్లెడ పట్టే కోక్రేన్ సంస్థ సమీక్షకులు ఈ కోవకు చెందిన పరీక్షలన్నీ వడకడితే నిలిచినవి అయిదు, వాటిలో ఉన్న పిల్లలు మొత్తం 219 మంది. అయిదింటిలోనూ చీటీలు వేసింది ఒక్కటే. ఆధారం బలహీనమని వాళ్లు రాశారు.

చీటీల మీద ఇంత పట్టుదల దేనికంటే, పిల్లలు ఊరికే ఉండరు, పెరుగుతారు. రెండేళ్లప్పుడు ఒక్క మాట లేని పిల్లాడు నాలుగేళ్లకు వాక్యాలు మాట్లాడితే ఆ ఘనత మధ్యలో చేసినదానికే దక్కుతుంది, అది స్పీచ్ థెరపీ కావచ్చు, గోధుమలు మాన్పించడం కావచ్చు, తాయెత్తు కావచ్చు. అది లేకపోయినా వాడు ఎంత మాట్లాడేవాడన్నది ఒక్క పిల్లాణ్ణి చూసి ఎవరూ చెప్పలేరు. రెండు జట్లు కావాలి, ఎవరు ఏ జట్టులో పడతారన్నది ఎవరి ఇష్టాయిష్టాల మీదా ఆధారపడకూడదు, చివర్లో మార్కులు వేసేవాళ్లకు ఏ బిడ్డ ఏ జట్టో తెలియకూడదు. ఈ మూడో షరతు దగ్గరే చాలా పరీక్షలు జారిపోతాయి. ఏడాదిపాటు చాకిరీ చేసిన తల్లిని ‘మీ బాబు మెరుగయ్యాడా’ అని అడిగితే ఆమె ఏం చెబుతుంది, పాపం!

సియాటిల్‌లో జెరాల్డీన్ డాసన్, శాలీ రోజర్స్ జట్టు ఆ షరతులకు చాలావరకు నిలిచే పరీక్ష ఒకటి చేసి 2010లో ప్రచురించింది. పద్ధతి పేరు ఎర్లీ స్టార్ట్ డెన్వర్ మోడల్. ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల మధ్య పిల్లలు 48 మంది. ఇక్కడ బల్ల లేదు, ‘ముక్కు చూపించు’ లేదు. నేలమీద కూర్చుని, బిడ్డ దేనిమీద మనసు పెట్టాడో దానితోనే ఆట కట్టి, ఆటలోనే మాటనూ చూపునూ వంతులు మార్చుకోవడాన్నీ అల్లడం. రెండేళ్ల తర్వాత ఈ జట్టు పిల్లల ఐక్యూ సగటున 17.6 పాయింట్లు పెరిగింది. ఊళ్లో మామూలుగా దొరికే సేవలు పొందిన రెండో జట్టుకూ 7 పాయింట్లు పెరిగింది. ఈ రెండో అంకెను గుర్తుంచుకోవాలి. ఏ సెంటరు ప్రకటనలోనైనా కనిపించే ‘మెరుగుదల’లో ఇలాంటి ఏడు పాయింట్లు కలిసిపోయి ఉంటాయి. ఆటిజం లక్షణాల తీవ్రతను కొలిచే పరీక్షలో మాత్రం రెండు జట్ల మధ్యా తేడా రాలేదు. ఇదే పద్ధతిని మూడు చోట్ల 118 మంది పిల్లలతో మళ్లీ పరీక్షిస్తే, 2019లో వచ్చిన ఫలితాల్లో ఐక్యూలో స్పష్టమైన లాభం తేలలేదు, భాషలో లాభం మూడింటిలో రెండు చోట్లే కనిపించింది. ఇది ఓటమి కాదు. పెద్ద ఫలితాలు ఇచ్చిన చిన్న పరీక్షను పెద్దగా చేసి చూస్తే ఫలితం కుదించుకుపోవడం వైద్యంలో మామూలే.

అయితే ఆటలోకి దిగడం వల్ల జరిగేదేమిటి? తొమ్మిది నెలలు దాటిన పసివాడిని ఎత్తుకుని డాబా ఎక్కి ‘అదిగో చందమామ’ అని వేలు చూపిస్తే, మొదట్లో వాడు మీ వేలినే చూస్తాడు. కొన్ని వారాలకు వేలు వదిలి ఆకాశం వైపు చూస్తాడు. ఇంకొన్నాళ్లకు వాడే కుక్కను చూసి వేలు చాపి, మీ మొహంలోకి తిరిగి చూస్తాడు, ‘చూశావా’ అన్నట్టు. ఒకే వస్తువు మీద ఇద్దరి ధ్యాసా కలిసే ఈ క్షణాల్లోనే మాట పుడుతుంది. ‘కుక్క’ అన్న శబ్దం ఏ వస్తువుదో బిడ్డకు తెలిసేది మీ చూపూ వాడి చూపూ ఒకచోట కలిసినప్పుడే. ఆటిజం ఉన్న పిల్లల్లో ఈ కలయికలు తక్కువ. అమీ క్లిన్, వారెన్ జోన్స్ 2013లో నేచర్ పత్రికలో ప్రచురించిన కొలతల్లో, తర్వాతి కాలంలో ఆటిజం తేలిన పసిపిల్లలు రెండో నెల నుంచి ఆరో నెలలోపే ఎదుటివారి కళ్లను చూడటం క్రమంగా తగ్గించుకుంటూ వచ్చారు. చూపు తగ్గితే కలయికలు తగ్గుతాయి, అవి తగ్గితే మాట వెనకబడుతుంది, మాట వెనకబడితే ఎదుటివాళ్లు మాట్లాడటమే తగ్గిస్తారు. ఒకదాన్నొకటి లాక్కుపోయే ఈ వరసను ఎంత ముందుగా పట్టుకుంటే అంత మంచిదన్నదే త్వరగా మొదలుపెట్టమనడం వెనకున్న తర్కం.

ఈ తర్కాన్ని అన్నిటికంటే పొదుపుగా వాడుకున్నది ప్యాక్ట్ అని పిలిచే బ్రిటిష్ పద్ధతి. జొనాథన్ గ్రీన్ నాయకత్వంలో మాంచెస్టర్, లండన్, న్యూకాజిల్‌లలో రెండు నుంచి అయిదేళ్ల లోపు పిల్లలు 152 మందితో పరీక్షించారు. ఇందులో థెరపిస్టు బిడ్డకు ఏమీ నేర్పడు. తల్లీబిడ్డలు కాసేపు ఆడుకుంటుంటే వీడియో తీసి, తర్వాత ఆ వీడియోను తల్లి పక్కన కూర్చుని కలిసి చూస్తాడు, అంతే.

అదెలా ఉంటుందో మన ఇంటికి తెచ్చి ఊహించుకుందాం. రెండున్నరేళ్ల బాబు నేలమీద స్టీలు గిన్నె మూతను గిరగిరా తిప్పుతున్నాడు. వాళ్లమ్మ బ్లాకులు పట్టుకుని, ‘నాన్నా, ఇదేం కలర్? రెడ్డా బ్లూనా? ఇటు చూడు నాన్నా, ఇదేంటి?’ అంటోంది. బాబు వీపు తిప్పేశాడు. వీడియోలో థెరపిస్టు ఒకచోట ఆపుతుంది. మూత ఆగిపోయినప్పుడు బాబు తల కొద్దిగా ఎత్తి అమ్మ మోకాలి వైపు చూశాడు. ఒక్క సెకను. అమ్మ అప్పుడు బ్లాకు వెతుక్కుంటోంది. ‘ఇక్కడ ఏం జరిగిందంటారు?’ అని థెరపిస్టు అడుగుతుంది, తను చెప్పదు. తల్లి మళ్లీ చూస్తుంది, మూడోసారికి కనిపిస్తుంది. తర్వాతి వీడియోలో ఆమె చేతిలో బ్లాకులు లేవు, ఇంకో మూత ఉంది. ప్రశ్నలు లేవు. మూత ఆగినప్పుడు బాబు చూసే దాకా ఓపిక పట్టి, ‘ఆగిపోయింది’ అంటుంది. బాబు మూతను ఆమె చేతిలో పెడతాడు. మళ్లీ తిప్పమని.

మన ఇళ్లలో పెద్దలకు ఇది మింగుడు పడదు. నేర్పడమంటే అడగడం, చెప్పించడం, ‘అంకుల్‌కి రైమ్ చెప్పు’ అనడం. చేతులు కట్టుకుని బిడ్డ వంతు కోసం కూర్చోవడాన్ని శిక్షణ అంటే మామగారు ఫీజు వాపసు తెచ్చుకోమంటారు.

2010లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన మొదటి ఫలితం చప్పగానే ఉంది. తల్లిదండ్రులు బిడ్డ లయకు తగ్గట్టు మాట్లాడటం బాగా పెరిగింది, బిడ్డ తనంతట తాను పలకరించడం కొంత పెరిగింది, ఆటిజం లక్షణాల్లో మాత్రం నికరమైన తేడా రాలేదు. అక్కడితో వదిలేయాల్సిన పద్ధతిలాగే కనిపించింది. ఆరేళ్లు గడిచాక అదే పిల్లల్లో 121 మందిని వెతికి పట్టుకుని మళ్లీ కొలిచారు. మొదట్లో తీవ్రమైన లక్షణాలున్నవాళ్లు ప్యాక్ట్ జట్టులో 55 శాతం, మామూలు సేవల జట్టులో 50 శాతం. ఆరేళ్ల తర్వాత ప్యాక్ట్ జట్టులో 46కి తగ్గారు, రెండో జట్టులో 63కి పెరిగారు. పిల్లల ఆందోళనలో, భాషా పరీక్షల్లో తేడా లేదు. అయినా ఒక చికిత్స ఆగిపోయి అన్నేళ్లయ్యాక లక్షణాల్లో తేడా నిలవడం ఈ రంగంలో అరుదు. ఎందుకు నిలిచిందనడానికి నాకు తోచే కారణం ఒకటే, చికిత్స ఆగింది గాని తల్లి మారిన తీరు ఆగలేదు.

ఇక గంటల లెక్క. ప్యాక్ట్‌లో ఆరు నెలలు పదిహేను రోజులకొకసారి, ఆ తర్వాత ఆరు నెలలు నెలకొకసారి, ఒక్కో సిట్టింగు రెండు గంటలు. ఏడాది మొత్తం కలిపితే నలభై గంటల లోపే. ఇంట్లో రోజూ ఓ అరగంట సాధన వేరు. లోవాస్ ఒక్క వారంలో ఖర్చు పెట్టించిన సమయం ఇక్కడ ఏడాదికి సరిపోయింది.

ఇది ఇంగ్లండు వ్యవహారమని కొట్టిపారేయడానికి వీల్లేదు. గోవాలో సంగత్ అనే సంస్థ, పాకిస్తాన్‌లోని రావల్పిండి పరిశోధకులు కలిసి ఈ పద్ధతిని మన వైపు పరిస్థితులకు దిద్దుకుని 65 మంది పిల్లలతో పరీక్షించారు. నిపుణులైన థెరపిస్టులు లేరు, శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలే ఇంటికి వెళ్లి ఆరు నెలల్లో పన్నెండు సిట్టింగులు చేశారు. 2016లో వచ్చిన ఫలితాల్లో తల్లిదండ్రుల స్పందనా పెరిగింది, పిల్లలు తమంతట తాము పలకరించడమూ పెరిగింది. ఒక కొలత మాత్రం తిరగబడింది. ఇద్దరూ కలిసి ఒకే దానిమీద ధ్యాస పెట్టే సమయం తగ్గింది, దాన్నీ వాళ్లు దాచకుండా రాశారు. అరవై అయిదు మంది పిల్లల మీద పెద్ద మేడలు కట్టలేం. కానీ పిల్లల మనోవైద్యులు పెద్ద నగరాలు దాటి కనిపించని దేశంలో ఆశా కార్యకర్త స్థాయి మనిషి ఈ పని చేయగలదని తేలడం చిన్న విషయం కాదు.

ఎక్కువ గంటలు ఎక్కువ మేలు చేస్తాయా అన్నది నేరుగా కూడా పరీక్షించారు. 2021లో ప్రచురించిన పరీక్షలో రోజర్స్ జట్టు 87 మంది పిల్లలను చీటీలు వేసి కొందరికి వారానికి 15 గంటలు, కొందరికి 25 గంటలు ఇచ్చింది. వాళ్లలో సగం మందికి లోవాస్ తరహా పద్ధతి, సగం మందికి డెన్వర్ పద్ధతి. ఏడాది తర్వాత మొత్తం మీద చూస్తే గంటల వల్లా తేడా లేదు, పద్ధతి వల్లా తేడా లేదు. 2024లో మైకల్ శాండ్‌బ్యాంక్ జట్టు 144 పరీక్షలను, వాటిలోని 9,038 మంది పిల్లలను కలిపి లెక్కగట్టి, గంటలు పెరిగే కొద్దీ ఫలితం పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదని తేల్చింది. ఎక్కువ గంటలు ఎవరికీ పనికిరావని దీని అర్థం కాదు, ఒక ఫలానా బిడ్డకు అవసరం కావచ్చు. కానీ ‘నలభై పెట్టించకపోతే బిడ్డ నష్టపోతాడు’ అని భయపెట్టే హక్కు ఇప్పుడు ఎవరికీ లేదు. నిద్రపోవాల్సిన రెండేళ్ల పిల్లాణ్ణి ఆటోలో మూడు సెంటర్లు తిప్పడం మేలు చేస్తుందో కీడు చేస్తుందో కొలిచినవాళ్లే తక్కువ. దుష్ఫలితాల సంగతి చాలా పరీక్షలు అసలు నమోదే చేయలేదని ఇదే జట్టు ఎత్తిచూపింది.

గంటలు తగ్గినా, ఎప్పుడు మొదలుపెట్టామన్నది ముఖ్యమే. విట్నీ గత్రీ, ఆమీ వెదర్బీ 2023లో ప్రచురించిన పరీక్షలో 82 మంది పిల్లలకు ఒకే తరహా ఇంటి శిక్షణ ఇచ్చారు, కొందరికి 18 నెలల వయసులో, కొందరికి 27 నెలల వయసులో. తొమ్మిది నెలలే తేడా. అయినా ముందు మొదలుపెట్టినవాళ్లు భాషలోనూ సామాజిక నైపుణ్యాల్లోనూ ఎక్కువ లాభపడ్డారు. ఆస్ట్రేలియాలో ఆండ్రూ వైట్‌హౌస్ జట్టు ఇంకా వెనక్కి వెళ్లింది. ఏడాది వయసులో తొలి సూచనలు కనిపించిన 103 మంది పసిపిల్లల్లో సగం మంది తల్లిదండ్రులకు పది సిట్టింగుల వీడియో శిక్షణ ఇచ్చారు. మూడేళ్లు వచ్చేసరికి ఆటిజం నిర్ధారణ అయినవాళ్లు ఆ జట్టులో 6.7 శాతం, రెండో జట్టులో 20.5 శాతం. 2021లో ఈ వార్త పెద్ద పెద్ద శీర్షికల కింద ఊరేగింది. మనుషుల లెక్కలో చెబితే, చివరిదాకా కొలవగలిగిన పిల్లల్లో, 45 మందిలో ముగ్గురు, 44 మందిలో తొమ్మిది మంది. ఆశ కలిగించే అంకెలే గాని ఇంకోచోట ఇంకొకరు చేసి చూపేదాకా అంతకు మించి అనకూడదు.

అందుకే ‘వాళ్ల నాన్నకూ మూడేళ్లకు గాని మాట రాలేదు’ అన్న నానమ్మ ధీమాను గౌరవంగా పక్కన పెట్టాల్సి వస్తుంది. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, వేలు చూపించకపోవడం, పదహారు నెలలకు ఒక్క మాటా లేకపోవడం, రెండేళ్లకు రెండు మాటలు కలిపి అనలేకపోవడం, ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోవడం, వీటిలో ఏది కనిపించినా చూపించుకోవాలి. ముందు వినికిడి పరీక్ష. నిర్ధారణ కాగితం చేతికొచ్చేదాకా ఆగనక్కర్లేదు, పైన చెప్పిన మూత ఆటకు కాగితం అవసరం లేదు.

ఇది మన దగ్గర అరుదైన సంగతి కూడా కాదు. 2018లో ప్రచురితమైన ఇన్‌క్లెన్ సర్వేలో దేశంలో అయిదు చోట్ల 3,964 మంది పిల్లలను పరీక్షించారు, నగర ప్రాంతంగా ఎంచుకున్నది హైదరాబాదునే. ఆటిజం దాదాపు నూటికొకరిలో తేలింది. బోర్డు పెట్టిన ప్రైవేటు సెంటర్లే కాకుండా, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో జాతీయ మేధో వైకల్య సంస్థ ఉంది. ఆటిజం తీవ్రతను కొలవడానికి దేశమంతా వాడే భారతీయ కొలమానం తయారైందీ అక్కడే. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో సత్వర చికిత్సా కేంద్రాలు, బడి వయసు వచ్చాక మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. అన్నిచోట్లా సిబ్బంది ఒకేలా ఉండరు, అయినా ముందు అక్కడ అడిగాకే అప్పు చేయడం మంచిది. ఇక లక్షలు గుంజే స్టెమ్ సెల్ ఇంజెక్షన్ల జోలికి అసలు పోకూడదు. ఆటిజానికి అవి సిఫారసు చేయదగ్గవి కాదని జాతీయ వైద్య కమిషన్‌లోని నైతిక విభాగం 2022 డిసెంబరులోనే చెప్పింది.

ఇంకో రెండు సలహాలు తరచుగా వినిపిస్తాయి, రెండూ తప్పే. ‘బాబు తికమక పడతాడు, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి’ అన్నది మొదటిది, ఇది కొండాపూర్‌లోనూ ఉంది, న్యూజెర్సీలోనూ ఉంది. రెండు భాషల మధ్య పెరిగిన ఆటిజం పిల్లలకు ఆ కారణంగా మాట మరింత వెనకబడినట్టు పరిశోధనల్లో తేలలేదు. పైగా తనకు సరిగా రాని ఇంగ్లీషులో తల్లి బిడ్డ లయను అందుకోవడం ఎలా? నానమ్మ, అమ్మమ్మ పూర్తిగా ఆట బయట ఉండిపోతారు. రెండోది, బొమ్మల కార్డులూ సైగలూ అలవాటు చేస్తే నోటి మాట రాదన్న భయం. అడగడానికి ఏదో ఒక దారి దొరికిన పిల్లల్లో మాట తగ్గినట్టు ఆధారం లేదు, కొందరిలో కాస్త పెరిగింది కూడా. నీళ్లు కావాలని చెప్పే దారి లేక తల గోడకు కొట్టుకునే పిల్లాడికి ముందు ఇవ్వాల్సింది ఆ కార్డు.

మేలు ఎందులో అన్న ప్రశ్నకు ఆటిజంతో పెరిగి పెద్దయినవాళ్లు చెప్పే జవాబు ఒకటుంది, పరిశోధకులు దాన్ని చాలా ఆలస్యంగా వినడం మొదలుపెట్టారు. కళ్లలోకి చూడమని, చేతులు ఆడించవద్దని గంటల తరబడి తమకు నేర్పినవన్నీ చుట్టూ ఉన్నవాళ్ల సౌకర్యం కోసమేనని, తమకు మిగిలింది అలసటేనని వాళ్లు అంటున్నారు. ఈ విమర్శ అన్ని పద్ధతులకూ సమానంగా తగలదు, కానీ లోవాస్ నాటి ‘మామూలు పిల్లల్లా కనిపించడం’ అన్న కొలబద్దకు బాగానే తగులుతుంది. చేతులు ఆడించడం ఆపిన పిల్లాడు మెరుగైనట్టా? బాత్రూముకు వెళ్లాలని చెప్పగలిగిన పిల్లాడు మెరుగైనట్టా? సెంటరు రిపోర్టులో రెండూ ఒక్కో టిక్కే.

కాబట్టి సెంటరు ఎంచుకునేటప్పుడు గంటలూ ఫీజూ అడిగే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. మూడు నెలల్లో బాబు ఏం చేయగలగాలని అనుకుంటున్నారు, అది ఇంట్లో ఎక్కడ పనికొస్తుంది, రాకపోతే పద్ధతి మారుస్తారా? అన్నిటికంటే ముందు, ‘సిట్టింగు జరిగేటప్పుడు నేను లోపల కూర్చోవచ్చా అండీ?’ మన దగ్గర చాలా చోట్ల థెరపిస్టు బిడ్డను లోపలికి తీసుకెళ్లి తలుపు వేసేస్తుంది, తల్లి నలభై అయిదు నిమిషాలు బయట బెంచీ మీద ఫోను చూసుకుంటూ కూర్చుంటుంది. వీల్లేదంటే ఇంకో సెంటరు చూసుకోవచ్చు.